పెంచలమ్మ కలిపిన బోరు నీళ్లు

నీళ్ల గురించి నాకు ఒకరు చెప్పేదేముందని పదిహేనేళ్లు మీసం మెలేసుకుని తిరిగాను. ఆత్మకూరు బస్టాండు వెనక నాకు ఆర్వో ఫిల్టర్ల షాపుంది. బోర్డు మీద డేవిడ్‌రాజు అని నా పేరు, దాని కింద ఫోన్ నంబరు. ఇటు సంగం నుంచి అటు కలిగిరి, ఉదయగిరి, వరికుంటపాడు దాకా ఎవరింట్లో ఫిల్టరు మొరాయించినా నాకే ఫోన్ కొడతారు. జేబులో ఎప్పుడూ టీడీఎస్ మీటరు ఉంటుంది. పెన్నంత వస్తువు. నీళ్లలో ముంచితే వాటిలో ఎంత ఉప్పూ సున్నం కరిగి ఉందో అంకె చూపిస్తుంది. మావైపు బోరు నీళ్లలో ముంచితే తొమ్మిది వందలు, వెయ్యి దాటుతుంది. నా మిషన్‌లోంచి వచ్చిన నీళ్లలో ముంచితే ఇరవై, పాతిక. ఆ అంకె చూపించి ఎంతమంది నోళ్లు మూయించానో నాకే తెలీదు. దానికి తోడు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ మీటరు ఒకసారి నీ నోట్లో పెట్టి చూడు, ఎంత చూపిస్తుందో అని మా ఆవిడ అంటూనే ఉంటుంది.

అలాంటి నన్ను, అంట్లు తోముకుని బతికే ఒకామె ఓడించింది. నాతో వాదించలేదు, గొంతు కూడా పెంచలేదు. ఆమె చేసిందల్లా ఒక చేపల తొట్టిలో నీళ్లు పోయడం. ఆమె పేరు పెంచలమ్మ. రాస్తున్నది ఆమె గురించే. మధ్యలో నా సంగతులు ఎక్కువగా వస్తే ఏమనుకోవద్దు. ఇందులో పాపం నాది కాబట్టి అలా వస్తాయి.

పెంచలమ్మది ఉదయగిరి కొండ కిందుండే ఓ చిన్న పల్లె. పుట్టింట్లో గొర్రెలే, అత్తింట్లో గొర్రెలే. జ్వరమొచ్చి మొగుడు పోయేనాటికి ఆమెకు నలభై నిండలేదు. పిల్లలు లేరు. అరవై జీవాల్ని ఆరేళ్లపాటు ఒంటిచేత్తో సాకింది. ఆ తర్వాత రెండేళ్లు వరసగా వానలు మొహం చాటేశాయి. మేత కోసం మంద వెనక పెన్న ఒడ్డు దాకా నడిచింది, మళ్లీ కొండ దాకా నడిచింది. మోకాళ్లు అరిగిపోయాయి. ఇంక వల్లకాక అమ్మేసింది. కొన్నవాడు కాళ్లు పట్టి లారీలోకి విసురుతుంటే చూడలేక, వాణ్ణి పక్కకు నెట్టి, అరవైనీ తనే ఎత్తి ఎక్కించిందట. ఆ రాత్రి నుంచి ఖాళీ దొడ్డిని చూస్తూ ఉండలేక వారం తిరక్కుండా ఆత్మకూరొచ్చి సురేంద్రబాబు ఇంట్లో పనికి కుదిరింది.

సురేంద్రబాబుది ముందు నుంచీ భూములున్న కుటుంబం. ఊళ్లో తగాదా వచ్చినా, ఎలక్షన్ వచ్చినా నలుగురూ ఆయన వరండాలోనే చేరతారు. మనిషి చెడ్డవాడు కాదు. మాట మీద నిలబడతాడు, కాకపోతే ఆ మాట ఎవరో ఒకరు చెవిలో వేసిందై ఉంటుంది. భార్య మధులత. పెంచలమ్మకి పెరట్లో ఓ గది ఇచ్చారు. పదకొండేళ్లు ఆమె ఆ ఇంట్లోనే ఉంది. బీరువా తాళాలు ఆమె చేతికిచ్చి తిరుపతి పోయి వచ్చేవాళ్లంటే ఇంక వేరే చెప్పాలా. ఆ వీధిలో ఏ ఇంట్లో పెళ్లయినా, పురుడైనా వంటింట్లోకి ముందు పెంచలమ్మనే పిలిచేవాళ్లు. ఆమెకున్నదల్లా ఆ నమ్మకమే, దాన్ని ఆమె చాలా అపురూపంగా చూసుకునేది.

పోయినేడు సురేంద్రబాబు చెన్నైలో ఏదో హోటల్లో డిస్కస్ చేపల్ని చూశాడు. పళ్లెంలా గుండ్రంగా, పల్చగా, ఒంటినిండా ఎరుపూ నీలం గీతలతో ఉంటాయవి. చూసిందే తడవు హాల్లో ఆరడుగుల గాజుతొట్టి పెట్టించి ఎనిమిది తెప్పించాడు. తొట్టిలో బోరు నీళ్లు పోశారు. పది రోజుల్లో ఎనిమిదీ తేలిపోయాయి. మా బోరు నీళ్లకి బిందెలే తెల్లగా పొలుసు కడతాయి, ఆ సుకుమారం చేపలు ఆగుతాయా? అప్పుడు నాకు ఫోన్ వచ్చింది.

నేను వెళ్లేసరికి ఆయన ఫోన్‌లో ఒక ఆర్వో మిషన్ ఎంచి పెట్టుకున్నాడు. నల్లటి డబ్బా, నీలం లైటు, రాగి ఫిల్టరు, రుచి కోసం ఇంకో ఫిల్టరు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. నేను వద్దన్నాను. అది వంటింటి మిషన్ సార్, దాని కడుపులో ఎనిమిది లీటర్లు పడతాయి. మీ తొట్టికి నాలుగొందల లీటర్లు కావాలి, అందులో మూడో వంతు వారం వారం మార్చాలి. రుచి ఫిల్టరు నీళ్లలో ఏం కలుపుతుందో మనకి తెలీదు, చేపలకి ఆ రుచి దేనికి? మీకు డబ్బా అక్కర్లేదు, లైటు అక్కర్లేదు అని చెప్పాను. ఓ చెక్క మీద మడ్డి పట్టే ఫిల్టరు ఒకటి, కార్బన్ ఫిల్టరు ఒకటి, నీళ్లలో ఉప్పుని ఆపే పెద్ద సైజు మెంబ్రేను, మోటారు. కింద రెండొందల లీటర్ల డ్రమ్ము, నిండగానే దానంతటదే నీళ్లు ఆపేసే బిరడా. అంతే. చూడ్డానికి బాగుండదని మధులత మూతి ముడిస్తే వెనక వరండాలో బిగించాను. ఆ ఎంపికలో ఈ రోజుకీ నాకు తప్పు కనపడదు. తప్పంతా ఆ తర్వాత నా నోట్లోంచే వచ్చింది.

మిషన్ వేసి, డ్రమ్ములో మీటరు ముంచి, ఇరవై రెండు చూపించి, ఒక్క చుక్క కూడా బయటి నీళ్లు కలవనీయొద్దని గట్టిగా చెప్పాను. ఇలా ఎందుకు చెప్పానో మావైపు వాళ్లకి వివరించక్కర్లేదు. బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టినవాళ్లని, వంగిన కాళ్లతో నడిచేవాళ్లని చూస్తూ పెరిగాం. ఇప్పుడు క్యాను నీళ్లు తప్ప గొంతు దిగవు. మా బుర్రల్లో బోరు నీళ్లంటే విషం. అంకె ఎంత తగ్గితే అంత మంచిది. మనిషికి మంచిదైతే చేపకి చేదా అనుకున్నాను.

మిషన్‌లోంచి మంచినీళ్లు ఒక లీటరు వస్తే, ఉప్పంతా చేరిన నీళ్లు రెండు మూడు లీటర్లు ఇంకో గొట్టంలోంచి పారిపోతాయి. పెంచలమ్మ అది చూసి ఊరుకోలేదు. గొట్టం కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లతో వాకిళ్లు కడగడం, అంట్లు తోమడం మొదలుపెట్టింది. ఆ రోజే డ్రమ్ములో నీళ్లు అరచేతిలో పోసుకుని నోట్లో వేసుకుంది. పుక్కిలించి, కాస్త ఆలోచించి నన్నడిగింది.

“ఇందులో ఏమీ లేదు గదా నాయనా. ఒట్టి నీళ్లు. వాటికి పడతాయా?”

ఏమీ లేకుండా చేయడానికే గదా మిషను, నీకెందుకు ఇయ్యన్నీ, చెప్పింది చెయ్యి అని కసిరాను. కొత్తగా ఎనిమిది చేపలొచ్చాయి. ఆదివారం ఆదివారం నీళ్లు మార్చే పని ఆమెకే అప్పగించారు.

ఆరు నెలలకి ఫిల్టర్లు మార్చడానికి వెళ్లాను. చేపలు నిగనిగలాడుతున్నాయి. మొహమ్మీద తెల్లమచ్చ ఉన్న ఆడ చేప ఒకటి, తొట్టిలో నీటి గొట్టానికి బారుగా గుడ్లు పెట్టింది. దానికి పెంచలమ్మ బొల్లి అని పేరు పెట్టుకుంది, గొర్రెకి పెట్టినట్టు. డిస్కస్ గుడ్లు పెట్టడం అంత తేలిక కాదని, అదంతా నా మిషన్ మహిమని అక్కడున్న నలుగురి ముందూ గొప్పలు పోయి, చూడండి అంటూ మీటరు తొట్టిలో ముంచాను. రెండొందల పది చూపించింది.

నా పరువు పోయినట్టయింది. డ్రమ్ములో చూస్తే ఇరవై మూడే. తొట్టిలో బోరు నీళ్లు ఎవరు కలుపుతున్నారని గట్టిగా అడిగాను. అందరూ మొహమొహాలు చూసుకున్నారు. పెంచలమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, నేనే అంది. దాచాలనే ఆలోచన కూడా ఆ మొహంలో లేదు.

గొర్రెలవాళ్లకి ఒక పద్ధతి ఉందని చెప్పింది. వేరే ఊరి జీవాన్ని కొంటే, దాంతోపాటు ఆ ఊరి నీళ్లు ఒక క్యానుతో తెచ్చుకుంటారు. తమ ఊరి నీళ్లలో అవి కలిపి తాపుతూ, రోజురోజుకీ కొంచెం కొంచెం తగ్గిస్తారు. లేకపోతే నీళ్లు పడక జీవం ఈడ్చుకుపోతుంది. ఈ చేపలది ఏ ఊరో ఆమెకి తెలీదు. అయితే బోరు నీళ్లకి చచ్చిపోయాయి, మిషన్ నీళ్లలో చూస్తేనేమో ఏమీ లేదు. అందుకని మొదటి వారం చెంబుడు బోరు నీళ్లు కలిపింది. చేపలు చురుగ్గా మేత తిన్నాయి. పై వారం రెండు చెంబులు. అలా పెంచుకుంటూ పోయి, అయిదు బకెట్ల మిషన్ నీళ్లకి ఒక బకెట్ బోరు నీళ్ల దగ్గర ఆపింది. రుచి చూసి, అవి తినే తీరు చూసి అక్కడ నిలబెట్టిందట.

ఏ మాత్రం బుర్ర ఉన్నవాడైనా ఆ గుడ్ల వైపు ఒకసారి చూసేవాడు. నేను మీటరు వైపే చూశాను. గొర్రెలకీ చేపలకీ తేడా తెలీని మనుషుల చేతుల్లో ఇంత విలువైన చేపల్ని పెడితే ఇంతే సార్, అవి ఇంకా బతికున్నాయంటే మీ అదృష్టం అన్నాను. నోరు జారడం కాదది. కావాలనే అన్నాను, ఆమె నా మాట దాటిందన్న కసితో. మొదటి ఎనిమిది చేపలూ బోరు నీళ్లకే చచ్చాయన్న సంగతి సురేంద్రబాబు మర్చిపోలేదు. ఆయన మొహం మాడిపోయింది. మధులత అయితే పెంచలమ్మని గేటు దాకా నడిపించి, పదకొండేళ్లు కూడు పెట్టిన ఇంట్లో విషం కలుపుతావా అని వీధి వీధంతా వినేలా అడిగింది.

పెంచలమ్మ ఒక్క మాటే అంది. “విషం కలపలేదమ్మా. నీళ్లు కలిపినాను.” గదిలోకెళ్లి బట్టల సంచీ తెచ్చుకుని వెళ్లిపోయింది.

నేను దగ్గరుండి తొట్టిలో మూడో వంతు తీయించి ఒట్టి ఆర్వో నీళ్లు పోయించాను. తర్వాత ప్రతి ఆదివారం వాళ్ల డ్రైవరు అదే చేశాడు. గుడ్లు తెల్లబడి రాలిపోయాయి. నాలుగో వారానికి చేపలు నల్లబడి తొట్టిలో ఓ మూలకి నక్కాయి. మేత వేస్తే కదల్లేదు. ముందు బొల్లి పోయింది. రెండు రోజుల తేడాతో ఇంకో రెండు. ఫోన్ మీద ఫోన్. నేను పరుగెత్తుకెళ్లి మెంబ్రేను మార్చాను, మోటారు మార్చాను, డ్రమ్ము కడిగించాను. మీటరు పెడితే తొట్టిలో యాభై. ఇంతకంటే మంచి నీళ్లు ఎక్కడ దొరుకుతాయని నా మీద నాకే చిరాకు. ఆఖరికి సిగ్గు విడిచి నెల్లూరులో అలంకార చేపలు అమ్మే ఒకాయనకి ఫోన్ చేశాను.

ఏం కలుపుతున్నావని అడిగాడాయన. ఏమీ కలపలేదు, ప్యూర్ ఆర్వో అన్నాను. ఒట్టి ఆర్వో పోస్తే ఎట్టయ్యా, కాస్తంత సున్నమూ ఉప్పూ లేకపోతే నీళ్లలో పులుపు పెరిగిపోతుంది, చేప బతకదు అన్నాడు. మీ బోరు ఎంత చూపిస్తుంది అని అడిగి, నేను చెప్పింది విని, అయిదుకి ఒకటి కలుపు, ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా పెంచు అన్నాడు.

ఫోన్ పెట్టేసి ఆ లెక్క మళ్లీ పైకి అనుకున్నాను. అయిదుకి ఒకటి. మీటరు ముట్టకుండా, ఎవర్నీ అడక్కుండా, ఆ మనిషి నాలిక మీద వేసుకుని కనిపెట్టిన లెక్క అది.

ఇప్పుడు నా అసలు రంగు చెప్పాలి. వెంటనే వెళ్లి నిజం చెప్పానా? చెప్పలేదు. ఎవరూ చూడకుండా బోరు నీళ్లు కలిపాను. ఆరు రోజుల్లో మిగిలిన అయిదూ మూల వదిలి బయటికొచ్చాయి, మేత తిన్నాయి. సురేంద్రబాబు నా భుజం తట్టి, డేవిడ్ చెయ్యి పడితే తిరుగు లేదని నలుగురికీ చెప్పాడు. పాడైన సామాను మార్చానని అబద్ధమాడి ఆ మెప్పు కొట్టేశాను. డ్రైవరుకి మాత్రం, ఇది స్పెషల్ పద్ధతి, ఎవరికీ చెప్పొద్దని చెప్పి కొలత నేర్పాను.

రెండు నెలలు పోయాక అదే వీధిలో రామలక్ష్మమ్మగారింట్లో ఫిల్టరు బాగుచేస్తున్నాను. ఆమె గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సు చేసి రిటైరయ్యారు. చేతికి టీ ఇస్తూ, మాటల్లో మాటగా, పనిమనిషి దొరకట్లేదని వాపోయారు. పెంచలమ్మ వచ్చి అడిగిందట, పెట్టుకుందామనే అనుకున్నారట. ఈ వీధిలో ఇంకో నాలుగిళ్లలో కూడా అడిగిందట. కానీ చేపలకి విషం పెట్టిన చేత్తో వండితే తినేదెవరు బాబూ అన్నారావిడ. చెడ్డ ఉద్దేశంతో అనలేదు, ఊళ్లో అనుకునేదే అన్నారు. మిగతా ఇళ్లలో కూడా అదే మాట చెప్పి పంపించేశారట. ఆమె ఊరికి పోయి కూలికి మేకలు కాస్తోందట. టీ గ్లాసు అక్కడే పెట్టి లేచాను.

మర్నాడు ఉదయగిరిలో పని ఉందని ఇంట్లో చెప్పి బండి తీశాను. అక్కడ నాకు పనేం లేదు. కొండ కింద పల్లెలో అడిగితే దూరంగా బోడి గుట్ట చూపించారు. బండి కింద పెట్టి రాళ్లల్లో పడి ఎక్కాను. పెంచలమ్మ ఓ రేగు చెట్టు కింద మోకాలు చాపుకుని కూర్చుని ఉంది. చుట్టూ ఎవరివో పాతిక మేకలు. మనిషి సగానికి సగం చిక్కిపోయింది. నన్ను చూసి, కూర్చో నాయనా, ఎండన పడి వచ్చినావు అని సీసా ఇచ్చింది. నిలబడే అంతా చెప్పేశాను. నువ్వు చేసిందే రైటు పెద్దమ్మా, తప్పు చేసింది నేను, అబద్ధమాడింది నేను, నన్ను క్షమించు అన్నాను.

ఆమె మేకల వైపు చూస్తూనే వింది. అంతా అయిపోయాక నా వైపు తిరిగింది.

“నాకు చెప్తే ఏమొస్తాది? నేను విషం పొయ్యలేదని నాకు తెలుసు గదా. తెలియనోళ్లకి పొయ్యి చెప్పు.”

నిజం చెప్తున్నాను, అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది. ఇంత దూరం పడుతూ లేస్తూ వచ్చి కాళ్ల మీద పడినంత పని చేస్తే, సరేలే నాయనా అనడానికి ఈమెకి నోరు రాలేదే అని. ఆత్మకూరు వచ్చేదాకా బండి మీద లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను. ఊరు దగ్గరపడేసరికి తిట్టడానికి మాటలు అయిపోయాయి. ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. నేను కడుక్కోవడానికి వెళ్లింది నా మనసుని. ఆమెకి కావలసింది ఆమె పేరు.

తెల్లారి సురేంద్రబాబు ఇంటికి వెళ్లి, ఆయన ముందూ మధులత ముందూ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నిదానంగా, అయ్యిందేదో అయ్యింది, పెంచలమ్మని రమ్మని కబురు చేద్దాం, జీతం పెంచుదాం, ఈ సంగతి మళ్లీ వీధిలో పెట్టడం దేనికి, నీ వ్యాపారానికి కూడా మంచిది కాదు అన్నాడు. నా మంచి కోరి కూడా అన్నాడాయన. కానీ నాకు ఒళ్లు మండిపోయింది, ఈసారి సరైన చోట మండింది. ఆమె మీద మాట వీధిలోనే పడింది సార్, వీధిలోనే తీయాలి అని బయటికి నడిచాను.

పొద్దున ఎనిమిదికి ఆ వీధిలోకి క్యాను నీళ్ల ఆటో వస్తుంది. ఆడవాళ్లూ మగవాళ్లూ ఇరవై మంది దాకా క్యాన్లతో నిలబడి ఉన్నారు. రామలక్ష్మమ్మగారు కూడా ఉన్నారు. గేటు ముందు నిలబడి చెప్పాను.

“పెంచలమ్మ ఏ విషమూ పొయ్యలేదు. ఆ చేపల్ని బతికించింది ఆమె. తెలిసీ తెలియక చంపింది నేను. తెలిశాక కూడా నోరు మూసుకున్నాను.”

ఒకరిద్దరు నా వైపు చూడలేక క్యాన్ల వైపు చూశారు. నా వెనక గేటు తీసిన చప్పుడైంది. మధులత వచ్చి నా పక్కన నిలబడింది. నేను కూడా తొందరపడి నోరు పారేసుకున్నాను, ఆమెని అనరాని మాటన్నాను అంది. ఆ ధైర్యం ఆమెలో ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ తర్వాత ఆ వీధిలో మూడిళ్లవాళ్లు ఫిల్టరు పనికి నన్ను పిలవడం మానేశారు. మానేస్తే మానేశారు.

ఈ కబురు పట్టుకుని మళ్లీ గుట్ట ఎక్కాను. వీధిలో ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పి, ఆ ఇంటివాళ్లు రమ్మంటున్నారని, రామలక్ష్మమ్మగారు కూడా అడగమన్నారని చెప్పాను. పెంచలమ్మ తలూపింది. సంతోషించిందో లేదో తెలియలేదు. కాసేపయ్యాక అడిగింది, ఎన్ని మిగిలినాయి అని.

అయిదు అన్నాను.

“బొల్లి?”

నేను ఆ ప్రశ్నకి సిద్ధపడి రాలేదు. పోయింది పెద్దమ్మా, అన్నిటికన్నా ముందు అదే పోయింది అన్నాను. పెంచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఏడుపు ఆగలేదు, బయటికే వచ్చేసింది. ఆ రోజు గేటు బయటికి పంపినప్పుడు ఏడవని మనిషి. కూలి మేకలు కాస్తూ నా క్షమాపణ విన్నప్పుడు ఏడవని మనిషి. గుడ్లు పెట్టినాక అది మేత కూడా సరిగా తినలా, గొట్టం కాడే కాపు కాస్తా ఉండేది అంది వెక్కుతూ. నేను ఆమె పక్కనే రాయి మీద కూర్చున్నాను.

చివరికి మొహం తుడుచుకుని, ఆ ఇంట్లో ఇంక గిన్నె ముట్టనంది. రామలక్ష్మమ్మగారింట్లో వంట చేస్తాను, అక్కడే ఉంటానంది. ఈ మేకలవాళ్లు వేరే మనిషిని చూసుకునేదాకా ఇంకో నెల ఆగాలంది. “ఆదివారం పొద్దన మాత్రం బస్సుకి వస్తా. వాటికి నీళ్లు నేనే పోస్తా. వాళ్లకి చెప్పు.” అంత దూరం నుంచి వారం వారమా అంటే, ఆడోళ్లకి ఆర్టీసీ బస్సు ఊరికే గదా అంది.

చెప్పినట్టే ఆదివారం ఉదయగిరి బస్సు దిగింది. ఆ ఇంట్లో అందరూ హాల్లోకి వచ్చి గోడ పక్కగా నిలబడ్డారు. అయిదు బకెట్ల డ్రమ్ము నీళ్లు, ఒక బకెట్ బోరు నీళ్లు నేనే మోసి తెచ్చి పెట్టాను. పెంచలమ్మ తొట్టి ముందుకెళ్లి గాజుకి దగ్గరగా వంగింది. మందని దొడ్లోకి తోలేటప్పుడు లెక్కపెట్టినట్టు, వేలు ఆడిస్తూ పైకి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అక్కడ ఆగింది. లెక్క తగ్గినప్పుడు కాపరులు మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు. ఆమె మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మళ్లీ అయిదు దగ్గరే ఆగింది. మూడోసారి కూడా లెక్కపెట్టింది. నేను తల ఎత్తలేకపోయాను. అప్పుడు ఆమె నా వైపు చెయ్యి చాపి, బకెట్ ఇట్టా ఇయ్యి నాయనా అంది.